మంట పెంచినా నీళ్ల వేడి 100 డిగ్రీలు ఎందుకు దాటదు?

పొయ్యి మీద నీళ్ల గిన్నె పెట్టి, లోపల థర్మామీటర్ ఉంచి గమనించండి. 30, 50, 70, 90 అంటూ చకచకా పైకి పోయిన అంకె, సముద్రమట్టానికి దగ్గర్లో ఉన్న చోటైతే 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగిపోతుంది. కింద మంట ఆగలేదు, వేడి ఇంతకుముందులాగే గిన్నెలోకి పోతూనే ఉంది, అయినా థర్మామీటర్ కదలదు. మంట ఇంకా పెంచితే నీళ్లు తెర్లుతాయి, తొందరగా ఆవిరైపోతాయి, అంతేగానీ ఒక్క డిగ్రీ కూడా పెరగదు. మరి అంత వేడీ ఎటు పోతోంది? ఘన, ద్రవ, వాయు స్థితుల పాఠాన్ని నిర్వచనాలతో కాకుండా ఈ ప్రశ్నతో మొదలుపెడితే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది, ఎందుకంటే దీనికి జవాబు దొరికితే బట్టీ పట్టిన మిగతా ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ముందుగా మనందరి బుర్రలో స్థిరపడిపోయిన ఒక బొమ్మని సరిచేసుకోవాలి. మూడు డబ్బాలు గీసి, మొదటి దాంట్లో చుక్కల్ని వరసగా పేర్చి, రెండో దాంట్లో కాస్త దూరదూరంగా పెట్టి, మూడో దాంట్లో అక్కడొకటి ఇక్కడొకటి విసిరేస్తారు. ఇందులో ఆ మధ్య డబ్బా చాలాసార్లు తప్పుగా ఉంటుంది. ద్రవంలో కణాలు దూరదూరంగా ఉండవు, దాదాపు ఘనపదార్థంలో ఉన్నంత దగ్గరగానే ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి, పోయేది ఆ వరసే. నమ్మకం కుదరకపోతే సూది తీసేసిన సిరంజిలో గాలి నింపి, మూతిని వేలితో మూసి నొక్కండి, సగం దాకా లోపలికి పోతుంది. అదే సిరంజిలో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి నొక్కితే గోడని నొక్కినట్టే ఉంటుంది. అసలు పెద్ద తేడా ద్రవానికీ వాయువుకీ మధ్య ఉంది. 100 డిగ్రీల దగ్గర ఒక గ్రాము నీళ్లు ఆవిరైతే, ఒక మిల్లీలీటరు చోటులో ఉన్నది కాస్తా మామూలు వాతావరణ పీడనం దగ్గర సుమారు 1,670 మిల్లీలీటర్లు ఆక్రమిస్తుంది, అంటే అణువుల మధ్య దూరం దాదాపు 12 రెట్లు పెరిగిందన్నమాట. ఆ ఖాళీలో ఏముంటుందని అడిగితే చాలామంది పిల్లలు, కొందరు పెద్దలు కూడా, గాలి ఉంటుందంటారు. ఏమీ ఉండదు. గాలి కూడా ఇలాంటి కణాలే కదా, వాటి మధ్య ఉన్నదీ వట్టి ఖాళీయే.

ఇక కదలిక సంగతి. 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే స్కాట్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు పుప్పొడిలోంచి వచ్చిన సన్నటి రేణువుల్ని నీటిబొట్టులో వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే అవి ఆగకుండా అటూ ఇటూ గిలగిలా కొట్టుకుంటూ కనిపించాయి. వాటిలో ప్రాణం ఉందేమో అన్న అనుమానం తీర్చుకోవడానికి గాజుపొడి, రాతిపొడి లాంటివి కూడా వేసి చూశాడు, అవీ అలాగే కదిలాయి. కనబడని నీటి అణువులు అన్ని వైపుల నుంచీ గుద్దుతుంటే, ఏ క్షణాన ఒకవైపు గుద్దులు కాస్త ఎక్కువైతే రేణువు ఆ రెండోవైపుకి జరుగుతుంది, అంతే. ఈ లెక్కని 1905లో ఐన్‌స్టీన్ కట్టి చూపించాడు, కొన్నేళ్లకే జ్యాఁ పెరాఁ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త రేణువుల కదలికని ఓపిగ్గా కొలిచి ఆ లెక్క సరిపోయిందని తేల్చాడు, దానికి 1926లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అప్పటిదాకా అణువులు నిజంగా ఉన్నాయని ఒప్పుకోని విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ లాంటి పెద్ద రసాయన శాస్త్రవేత్త సైతం ఈ సాక్ష్యం చూశాక మనసు మార్చుకున్నాడు.

ఉష్ణోగ్రత అంటే ఈ కదలికకి కొలత. కాస్త జాగ్రత్తగా చెప్పాలంటే, కణాల సగటు గతిశక్తి ఎంత ఉందో ఉష్ణోగ్రత చెబుతుంది. సగటు అన్న మాటని దయచేసి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అదే మనకి పనికొస్తుంది. గదిలో గాలి ప్రశాంతంగా ఉన్నట్టే అనిపిస్తుంది గానీ, అందులోని నైట్రోజన్ అణువులు సెకనుకి దాదాపు 500 మీటర్ల వేగంతో పోతుంటాయి, ధ్వని వేగం కంటే ఎక్కువ. అంత వేగముంటే ఈ మూల తెరిచిన సెంటు వాసన ఆ మూలకి ఒక్క క్షణంలో చేరాలి కదా అంటే, ఏ అణువూ నేరుగా పోలేదు. ఒక మిల్లీమీటరులో పదివేలో వంతు దూరం కూడా పోకముందే ఇంకోదాన్ని గుద్దుకుని దారి మారుతుంది, సెకనుకి వందల కోట్ల సార్లు ఇదే తంతు. మనకి వాసన వచ్చిందంటే చాలావరకు గదిలో గాలి కదిలి మోసుకురావడం వల్లే.

ఇక్కడే ఇంకో అపోహ తీసేయాలి. వేడిచేస్తే కణాలు ఉబ్బవు, కరగవు, మెత్తబడవు. మంచులో ఉన్నా నీళ్లలో ఉన్నా ఆవిరిలో ఉన్నా నీటి అణువు అదే అణువు. ఒక్క అణువుని పట్టుకుని ఇది ఘనమా, ద్రవమా అని అడగడానికి వీల్లేదు, స్థితి అనేది కోట్లాది అణువుల గుంపుకి ఉండే గుణం.

మరి ఒకే గదిలో, ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఇనుము గట్టిగా, నీళ్లు ద్రవంగా, ఆక్సిజన్ వాయువుగా ఎందుకున్నాయి? కదలిక ఒక్కటే చూస్తే దీనికి జవాబు దొరకదు. కణాల మధ్య ఆకర్షణ ఉంటుంది, దగ్గరగా వస్తే పట్టుకుని ఉంచాలని చూస్తుంది, కదలిక దాన్ని విడదీయాలని చూస్తుంది. ఈ పెనుగులాటలో ఎవరిది పైచేయి అన్నదే పదార్థం స్థితి. ఆక్సిజన్ అణువుల మధ్య ఆకర్షణ ఎంత బలహీనమంటే మైనస్ 183 డిగ్రీలకే అవి ఒకదాన్నొకటి వదిలేసి మరిగిపోతాయి. గాలియం అనే లోహం దాదాపు 30 డిగ్రీలకే కరుగుతుంది, అరచేతిలో పెట్టుకుంటే చాలు. ఇనుము కరగడానికి 1,538 డిగ్రీలు కావాలి, టంగ్‌స్టన్‌కి 3,400 పైమాటే.

ఇప్పుడు ఒక మంచుముక్కని వేడిచేస్తూ పోదాం. మైనస్ 20 దగ్గర కూడా అందులోని అణువులు ఊరికే లేవు, తమ చోటు వదలకుండా అక్కడికక్కడే కంపిస్తున్నాయి. వేడి అందేకొద్దీ ఆ ఊగిసలాట పెరుగుతుంది, థర్మామీటర్ కూడా పెరుగుతుంది. కంపనం మరీ పెద్దదై, పక్కవాటితో ఉన్న దూరంలో దాదాపు పదో వంతుకి చేరేసరికి ఆ వరస ఇక నిలబడదని 1910 నుంచీ ఒక మోటు లెక్క వాడుకలో ఉంది, చాలా పదార్థాలకి అది ఉజ్జాయింపుగా సరిపోతుంది కూడా. సున్నా డిగ్రీలకి చేరగానే కరగడం మొదలవుతుంది, థర్మామీటర్ ఆగిపోతుంది. ఇక్కడినుంచి లోపలికి వచ్చే వేడి కణాల వేగం పెంచదు, ఆకర్షణకి ఎదురెళ్లి వాటిని ఒకదాని పట్టు నుంచి ఇంకోదాన్ని విడిపించడానికి ఖర్చవుతుంది. బరువైన రాయిని మెల్లగా పైకెత్తితే మన శక్తి దాని ఎత్తులో చేరుతుందే తప్ప వేగంలో కాదు, ఇదీ అలాంటిదే. చేరేది స్థితిశక్తి, థర్మామీటర్ చూసేది గతిశక్తిని, అందుకే దానికి ఏమీ తెలియదు. 1760ల్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ ఈ కనబడని వేడిని కొలిచాడు, మన పుస్తకాల్లో దాన్నే గుప్తోష్ణం అంటాం.

అంకెలు చూస్తే ఇది చిన్న విషయం కాదని తెలుస్తుంది. సున్నా డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము మంచు అదే ఉష్ణోగ్రత దగ్గర నీళ్లుగా మారడానికి 334 జౌళ్లు కావాలి. అంత వేడితో ఒక గ్రాము నీళ్లని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా తీసుకుపోవచ్చు! ఇక 100 డిగ్రీల దగ్గర ఒక గ్రాము నీళ్లు ఆవిరవడానికి సుమారు 2,257 జౌళ్లు, అంటే సున్నా నుంచి వంద దాకా కాచడానికి పట్టిన దానికి ఐదు రెట్లు పైనే. కరగడానికి అంత తక్కువ, మరగడానికి ఇంత ఎక్కువ ఎందుకంటే, కరిగినప్పుడు అణువులు పట్టు సడలించి పక్కకి జారే స్వేచ్ఛ మాత్రమే తెచ్చుకుంటాయి, ఆకర్షణలో ఎక్కువ భాగం అలాగే ఉంటుంది. ఆవిరి కావాలంటే మాత్రం పూర్తిగా తెంచుకుని పోవాలి. మొదట అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే, మంట నుంచి వచ్చే వేడంతా ఈ తెంపులకే చాలదన్నట్టు పోతోంది.

నీళ్ల విషయంలో ఒక మెలిక ఉంది. మంచులో ప్రతి అణువూ నాలుగు పక్క అణువులతో హైడ్రోజన్ బంధాలు పెట్టుకుని, మధ్యలో ఖాళీలుండే ఒక గూడులా అమరుతుంది. కరిగితే ఆ గూడు కొంత కూలి అణువులు ఇంకా దగ్గరికి వస్తాయి, అందుకే మంచు నీళ్లమీద తేలుతుంది. నీళ్లు అత్యంత సాంద్రంగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. ఘనంలో కణాలు దగ్గరగా, ద్రవంలో దూరంగా అని కళ్లు మూసుకుని రాసేస్తే ఇక్కడ తేలిపోతాం.

ఇప్పుడు ఆ సగటు దగ్గరికి వద్దాం, నాకు ఈ విషయమంతట్లోనూ అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. నీళ్లు మరిగేది వందకి అయితే, తడి గుడ్డ 30 డిగ్రీలకే ఎలా ఆరిపోతోంది? అన్ని అణువులూ ఒకే వేగంతో ఉంటే ఆరకూడదు. కానీ వేగాలు ఒకేలా ఉండవు, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ కొన్ని దాదాపు ఆగిపోతుంటాయి, ఎక్కువ భాగం సగటుకి అటూ ఇటూ ఉంటాయి, బహు కొద్ది మాత్రం విపరీతమైన వేగం అందుకుంటాయి. వాయువుల్లో ఈ వేగాలు ఎలా పంచుకుని ఉంటాయో 1860లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ లెక్కకట్టాడు. ద్రవం పైపొరలో ఉండి, పైకి గురిపెట్టి, చాలినంత వేగమున్న అణువు ఆకర్షణని తెంచుకుని గాలిలోకి పోతుంది. ఇదే బాష్పీభవనం, ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా జరుగుతూనే ఉంటుంది. పోయినవి బాగా వేగమున్నవి కాబట్టి మిగిలిన వాటి సగటు పడిపోతుంది, అంటే ద్రవం చల్లబడుతుంది. ఇంజెక్షన్‌కి ముందు దూదితో స్పిరిట్ రాస్తే చర్మం జిల్లుమనడానికి కారణం స్పిరిట్ చల్లగా ఉండటం కాదు, అది గది ఉష్ణోగ్రత దగ్గరే ఉంది, గబగబా ఇగిరిపోతూ చర్మం నుంచి వేడి లాక్కుపోతోంది. చెమట చేసే పనీ ఇదే.

అయితే పోయిన అణువుల్లో కొన్ని తిరిగి వచ్చి ద్రవంలో పడుతుంటాయి. గాలి వీస్తే వాటిని దూరంగా ఊడ్చుకుపోతుంది, తిరిగొచ్చేవి తగ్గి తొందరగా ఆరుతుంది. ఉక్కపోత రోజున గాలిలో నీటి అణువులు అప్పటికే నిండుగా ఉండటంతో పోయేవి ఎన్నో వచ్చేవి దాదాపు అన్ని, చెమట పట్టిందే తప్ప ఆరదు, ఒళ్లు చల్లబడదు. మూత బిగించిన సీసాలో రెండూ సమానమై నీటిమట్టం మారదు, బయటికి ఏమీ జరగనట్టే ఉంటుంది, లోపల రాకపోకలు మాత్రం ఒక్క క్షణం ఆగవు.

ఇంకో సంగతి. 20 డిగ్రీల నుంచి 30కి పెంచితే అణువుల సగటు శక్తి పెరిగేది 3 శాతం పైచిలుకు, అంతే, ఎందుకంటే దాన్ని లెక్కపెట్టాల్సింది పరమశూన్యం నుంచి, మైనస్ 273.15 నుంచి. కానీ నీళ్ల మీద సంతృప్త ఆవిరి పీడనం, అంటే పోయేవీ వచ్చేవీ సమానమైనప్పుడు ఆవిరి చూపే పీడనం, దాదాపు 80 శాతం పెరుగుతుంది. సగటు కొద్దిగా జరిగినా, తప్పించుకోగలిగే ఆ కొద్దిమంది వేగగాళ్ల సంఖ్య అంతగా పెరిగిపోతుంది.

మరగడం వేరే కథ. గిన్నెని దగ్గరగా చూడండి. ముందుగా అడుగున, గోడలకి సన్నటి బుడగలు అంటుకుంటాయి, అది నీళ్లలో కరిగి ఉన్న గాలి, వేడెక్కేకొద్దీ నీళ్లు దాన్ని అంతగా పట్టి ఉంచలేవు. కాసేపటికి సుయ్‌మని చప్పుడు మొదలవుతుంది. అడుగున బాగా వేడెక్కిన చోట పుట్టిన ఆవిరి బుడగలు, పైన ఇంకా కాస్త చల్లగా ఉన్న నీళ్లలోకి లేవగానే నలిగి కూలిపోతుంటాయి, వినిపించేది ఆ కూలిన చప్పుడే. నీళ్లన్నీ సమానంగా వేడెక్కాక బుడగలు పైదాకా వచ్చి పగులుతాయి, ఆ సుయ్ కాస్తా గలగలగా మారుతుంది. ఈ పెద్ద బుడగల్లో ఉన్నది గాలి కాదు, అచ్చమైన నీటి ఆవిరి.

నీళ్ల లోపల ఆవిరి బుడగ నిలబడాలంటే దానిలోని అణువులు గోడలకి కొట్టే దెబ్బల బలం, బయటి నుంచి నొక్కే పీడనానికి సరితూగాలి. మామూలు వాతావరణ పీడనం దగ్గర అది 100 డిగ్రీలకి కుదురుతుంది. అంటే వంద అనేది నీళ్ల సొంత గుణం అనుకోనక్కర్లేదు, అందులో మన మీదున్న గాలికి కూడా వాటా ఉంది. ఎవరెస్ట్ శిఖరం మీద గాలి పీడనం మూడో వంతే, అక్కడ నీళ్లు సుమారు 70 డిగ్రీలకే మరిగిపోతాయి. ఆసుపత్రుల్లో పరికరాలు శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లో పీడనం రెట్టింపు, నీళ్లు 121 డిగ్రీల దాకా మరగవు. వాక్యూమ్ పంపుతో పైనున్న గాలిని లాగేస్తూ పోతే గది ఉష్ణోగ్రత దగ్గరే నీళ్లు తెర్లుతాయి, బయటి నుంచి వేడి అందకుండా అలాగే లాగుతుంటే చల్లబడి చల్లబడి, మరుగుతూనే గడ్డకట్టేస్తాయి. చూస్తే కళ్లని నమ్మబుద్ధి కాదు గానీ, పీడనం 611 పాస్కల్స్, ఉష్ణోగ్రత 0.01 డిగ్రీల దగ్గర మంచు, నీళ్లు, ఆవిరి మూడూ కలిసే ఉంటాయి.

వెనక్కి వచ్చే దారిలో తీసుకున్న వేడంతా తిరిగి ఇచ్చేయాలి. అందుకే ఆవిరి తగిలితే మరిగే నీళ్లకంటే ఎక్కువగా కాలుతుంది. చర్మం మీద అది నీళ్లుగా మారుతూ ముందు ఆ 2,257 జౌళ్లూ వదిలేస్తుంది, ఆ తర్వాత మిగిలిన వేడినీళ్లు తమ వంతు కాలుస్తాయి. ఉరుముల మేఘాలు అంత ఎత్తుకి పెరగడానికీ, తుపాన్లకి అంత బలం రావడానికీ కూడా ఈ సాంద్రీకరణంలో విడుదలయ్యే గుప్తోష్ణమే ఇంధనం. అన్నట్టు, మరిగే నీళ్ల మీద తెల్లగా కనిపించేది ఆవిరి కాదు, అప్పటికే చల్లబడి మళ్లీ ద్రవమైన సన్నటి తుంపర. అసలు ఆవిరి కంటికి కనబడదు.

గడ్డకట్టడంలో మాత్రం ఒక తకరారు ఉంది. కరగడం సాధారణంగా చెప్పిన చోటే జరుగుతుంది, గడ్డకట్టడం అలా కాదు. ఎక్కడో కొన్ని అణువులు ముందుగా సరైన వరసలో చేరి ఒక గింజలా ఏర్పడాలి, మరీ చిన్నదైతే అది నిలవకుండా చెదిరిపోతుంది. దుమ్మో గరుకు అంచో ఆసరా దొరికితే సులువు. ఏ ఆసరా లేని అతి శుద్ధమైన సన్నటి నీటిబొట్లని మైనస్ 38 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంచొచ్చు. మేఘాల్లో ఇలాంటి బొట్లు మామూలే, విమానం రెక్క తగలగానే అవి టక్కున మంచుగా మారి అంటుకుంటాయి, పైలట్లకి అదో పెద్ద టెన్షన్. అలా అతిగా చల్లబడ్డ నీళ్లు ఒకసారి గడ్డకట్టడం మొదలుపెడితే, వదిలిన గుప్తోష్ణంతో ఉష్ణోగ్రత కిందికి పోకుండా ఎగబాకి సున్నా వైపు వస్తుంది.

ఉత్పతనం, అంటే ఘనం ద్రవం కాకుండానే నేరుగా వాయువవడం, దాని గురించి రెండు ముక్కలు చాలు. ఘనం ఉపరితలం నుంచి కూడా వేగమున్న అణువులు ఎగిరిపోగలవు. కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా నిలవాలంటే వాతావరణ పీడనానికి ఐదు రెట్లకి పైగా కావాలి, మన చుట్టూ అంత లేదు కాబట్టి డ్రై ఐస్ మైనస్ 78.5 డిగ్రీల దగ్గర తడి చేయకుండా నేరుగా వాయువైపోతుంది.

ద్రవానికీ వాయువుకీ మధ్య గీత కూడా శాశ్వతం కాదు. ద్రవ కార్బన్ డయాక్సైడ్‌ని గట్టి గాజుగొట్టంలో బిగించి వేడిచేస్తుంటే ద్రవం వ్యాకోచించి పలచబడుతుంది, పైనున్న ఆవిరి చిక్కబడుతుంది, 31 డిగ్రీల దగ్గర రెండిటి సాంద్రతా ఒకటై మధ్యలోని గీత కళ్లముందే మాయమవుతుంది. తెంపడానికి తేడా ఏమీ మిగల్లేదు కాబట్టి అక్కడ గుప్తోష్ణం కూడా సున్నా. 1869లో థామస్ ఆండ్రూస్ దీన్ని వివరించి, ఇలాంటి సందిగ్ధ ఉష్ణోగ్రత ఒక్కో వాయువుకి ఒక్కోటి ఉంటుందని, అది దాటితే ఎంత నొక్కినా ఆ వాయువు ద్రవం కాదని చూపించాడు. అంతకుముందు ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ లాంటివి ఎంత పీడనానికీ లొంగకపోతే వాటికి శాశ్వత వాయువులని పేరు పెట్టేశారు. లోపం పీడనంలో లేదు, ఆక్సిజన్ సందిగ్ధ ఉష్ణోగ్రత మైనస్ 118 డిగ్రీలకి కాస్త దిగువన ఉంది, కణాల వేగం ముందు అక్కడికి తగ్గాలి, తర్వాతే ఆకర్షణ వాటిని పట్టుకోగలదు. 1877లో ఆక్సిజన్ లొంగింది. చివరిదాకా మొండికేసిన హీలియంని 1908లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఆనెస్ అనే శాస్త్రవేత్త మైనస్ 269 డిగ్రీల దగ్గర ద్రవంగా మార్చాడు. దాన్ని ఇంకా చల్లబరిచి ఘనంగా మార్చాలని చూస్తే మాత్రం కుదర్లేదు. హీలియం పరమాణువులు అంత తేలిక, వాటి మధ్య ఆకర్షణ అంత తక్కువ, పైగా పరమశూన్యం దగ్గర కూడా క్వాంటమ్ నియమాల ప్రకారం వాటిలో కొంత కదలిక మిగిలే ఉంటుంది, వరసలో నిలవనివ్వకపోవడానికి అది చాలు. 1926లో అదే లైడెన్‌లో విలెం కీసోమ్ దాన్ని ఘనంగా మార్చగలిగాడు గానీ, అది చలి ఒక్కదానివల్ల కాదు, వాతావరణ పీడనానికి పాతిక రెట్లకి పైగా నొక్కి పెడితేనే.